గిరాకీ ఎవరిది? పాలమూరు పల్లెల్లో ఎలక్ట్రానిక్ విడిభాగాల చరిత్ర

1

1982లో నేనొక కథ రాశాను. శ్రీశైలం డ్యాం పనికి పోయిన ఒక పాలమూరు కూలీ, చేతిలో మిగిలిన నాలుగు రూకలూ పెట్టి ట్రాన్సిస్టరు కొనుక్కుని, దాన్ని భుజాన వేలాడదీసుకుని ఊళ్ళోకి వస్తాడు. ఇంట్లో జొన్నలు నిండుకున్నాయి. పిల్లవాడికి జ్వరం. అతని భుజం మీద మాత్రం సినిమా పాట మోగుతూ ఉంటుంది. కథ అక్కడితో అయిపోతుంది. మార్కెటు మనిషిని ఎట్లా మోసగిస్తుందో చూపించాననుకున్నాను. మిత్రులు మెచ్చుకున్నారు. ఒక సభలో దాని మీద చర్చ కూడా జరిగింది.

మెచ్చనివాడు ఒక్కడే. వనపర్తి బజారులో రేడియోలు బాగుచేసే పెద్దాయన. ఆయన పేరు రాయను. ఊరంతా ఆయన్ను ‘రేడియో సారు’ అనేది. కథ చదివించుకుని విని, చేతిలోని సోల్డరింగు కడ్డీ పక్కన పెట్టి అన్నాడు: “కూలోని భుజాన రేడియో పెట్టినవ్ గాని బిడ్డా, వాడు దాంట్ల ఏం ఇంటున్నడో అడిగినవా?” నాకు జవాబు తోచలేదు.

ఆ ప్రశ్న నన్ను నలభై ఏళ్ళుగా వెంటాడుతూనే ఉంది. ఈ వ్యాసం దానికి నేను బాకీపడిన జవాబు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న వేరువేరు జిల్లాలయ్యాయి. అంతకుముందు మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. సాహిత్యం చదువుకున్నవారికి గద్వాల అనగానే ‘విద్వద్గద్వాల’ గుర్తుకొస్తుంది. సంస్థానాలు, ఆస్థాన కవులు, శతావధానాలు గుర్తుకొస్తాయి. ఐతే ఈ నేల మీదే పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి చరిత్రను ఆస్థానాల బయట వెతికాడు. 1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో జనం తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆట, పట్టిన పనిముట్టు చరిత్రకు వస్తువులయ్యాయి. 1952లో ఆయన్ను శాసనసభకు పంపింది వనపర్తి. ఆయన పోయిన తరువాత, 1955లో, ఆ గ్రంథానికి తెలుగులో తొలి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ దారిలో ఇవాళ ఎవరైనా తరువాతి అధ్యాయం రాయబూనితే అందులో నాగలి, మగ్గం, కావడి ఉంటే చాలదు. రెసిస్టెన్సు, కండెన్సరు, డయోడు, ట్రాన్సిస్టరు, ఐ.సి. కూడా ఉండాలి. ఎందుకంటే ఇవాళ పాలమూరులో ఇవి లేకుండా నీళ్ళు పైకి రావు, కూలి డబ్బు చేతికి రాదు, దూరాన ఉన్న కొడుకు గొంతు వినపడదు.

ఎలక్ట్రానిక్ విడిభాగాలకు గిరాకీ పెరుగుతోందని వ్యాపార పత్రికలు ఏటా రాస్తాయి. వానలు పడుతున్నాయన్నంత సహజంగా రాస్తాయి. గిరాకీని ఎవరో ఒకరు పుట్టిస్తారు. ఒకసారి యుద్ధం, ఒకసారి ప్రభుత్వ ప్రణాళిక, ఒకసారి కరెంటు కోత. పుట్టిన గిరాకీ కొందరి చేతికి పని పెడుతుంది, మరికొందరి చేతిలోంచి పని లాక్కుంటుంది. పాలమూరు పల్లెల అనుభవంలో ఈ రెండూ ఎట్లా జరిగాయో చెప్పడమే నా ప్రయత్నం.

2

ఈ కథ రేడియో మన ఊరికి రావడంతో మొదలైందనుకుంటాం. నిజానికి అది తెలుగు కూలీ పలుగుతో మొదలైంది.

కండెన్సరు అంటే విద్యుత్తును కాసేపు నిలవ పెట్టే చిన్న వస్తువు. రెండు లోహపు రేకుల మధ్య విద్యుత్తు పారని పదార్థం పొర ఒకటి ఉండాలి. ఆ పొరకు తొలినాళ్ళలో ప్రపంచం ఎంచుకున్న మేలైన పదార్థం అభ్రకం. వేడికి చెదరదు, కాగితం కంటే పలుచగా చీలుతుంది. ఆ అభ్రకాన్ని తవ్విన చోట్లలో మన నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతం ఒకటి. బీహారు ఎర్ర అభ్రకం, నెల్లూరు పచ్చ అభ్రకం ఓడలెక్కి పోయేవి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో యుద్ధ విమానాల రేడియోలకూ రాడార్లకూ అభ్రకం అత్యవసరమైంది. బ్రిటను, అమెరికా ప్రభుత్వాలు కలకత్తాలో ఉమ్మడి కొనుగోలు సంస్థనే నడిపాయి. గనిలో మగవాళ్ళు తవ్వితే, పైన కూర్చుని కత్తితో పొరలు చీల్చిన చేతుల్లో ఆడవాళ్ళవీ పిల్లలవీ ఎక్కువ.

గమనించవలసినదేమంటే, అప్పటికి ఆ పొర చీల్చిన ఇంట్లో రేడియో లేదు. ఆ ఇల్లు రేడియోను చూసి కూడా ఉండదు. విడిభాగాలకు మొదటి పెద్ద గిరాకీ యుద్ధానిది. మన వాటా కూలి మాత్రమే.

అదే కాలంలో హైదరాబాదు రాజ్యంలో దక్కన్ రేడియో నడిచింది. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. ఐతే ఆనాటి రేడియో వాల్వులతో చేసినది. గాజు బుడ్డిలో తీగ ఎర్రగా కాలితేగాని వాల్వు పనిచేయదు. అందుకు కరెంటు కావాలి, లేదా తొంభై వోల్టుల పెద్ద బ్యాటరీ కావాలి. కరెంటు లేని పాలమూరు పల్లెలో అంత బరువు మోయగలిగింది గడి ఒక్కటే. మా పెద్దలు చెప్పేవారు: గడి ముందర చెప్పులు విడిచి, గోడ బయట నిలబడి రేడియో వినేవాళ్ళమని. శబ్దం గోడ దాటింది గాని, పెట్టె గోడ దాటలేదు.

3

గోడ దాటించినది ట్రాన్సిస్టరు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో అది పుట్టింది. బార్డీన్, బ్రాటెన్, షాక్లీ అనే ముగ్గురికి దాని మీద 1956లో నోబెల్ బహుమతి వచ్చింది. దీనికి కాలే తీగ అక్కరలేదు. నాలుగు చిన్న సెల్లులు చాలు. గడిలో కూర్చున్న పెట్టె గొర్లకాపరి సంచిలోకి వచ్చింది. శాస్త్రజ్ఞులు కోరినా కోరకపోయినా, పాలమూరు సాంఘిక చరిత్రలో దాని పాత్ర ఇది.

మన దేశంలో ఆ చిన్న వస్తువు తయారీ ఎట్లా మొదలైంది? 1954లో ప్రభుత్వం బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్‌ను స్థాపించింది. అక్కడ 1961లో రేడియో వాల్వులు, 1962లో జెర్మేనియం ట్రాన్సిస్టర్లు తయారు కావడం మొదలైంది. 1962 చైనా యుద్ధంలో సైన్యం దగ్గర సరైన సమాచార పరికరాలు లేవన్న సంగతి బయటపడింది. 1963లో హోమీ భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేశారు. 1966లో దాని నివేదిక వచ్చింది. 1967 ఏప్రిల్‌లో అణుశక్తి శాఖ కింద హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. పుట్టింది. అయ్యగారి సాంబశివరావు దానిని నడిపించాడు. ఇవాళ హైదరాబాదులో ఎ.ఎస్.రావు నగర్ అని మనం బస్సు దిగేది ఆయన పేరు మీదే. పరదేశం నుంచి విడి వస్తువులు తెచ్చి బిగించడం కాదు, వస్తువు గుట్టు మన చేతికి రావాలన్నది ఆ తరం శాస్త్రజ్ఞుల పట్టుదల.

ఈ పట్టుదల వనపర్తి దాకా కూడా వచ్చింది. 1959లో వనపర్తి రాజభవనంలోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ మొదలైంది. కవులు పద్యం చదివి శాలువా కప్పించుకున్న సంస్థానంలో, రైతుల పిల్లలు లాగుల మీద నూనె మరకలతో తిరగడం మొదలుపెట్టారు. మన సాహిత్య చరిత్రల్లో ఈ మార్పుకు ఒక్క వాక్యం కూడా దక్కలేదు.

రేడియో సారు పాలిటెక్నిక్‌లో చదివినవాడు కాదు. ఐదో తరగతి దాటలేదు. ఐనా ఆయన దుకాణం ఒక బడి. రెసిస్టెన్సు మీద అంకె రాసి ఉండదు, రంగుల పట్టీలుంటాయి. నలుపు సున్న, గోధుమ ఒకటి, ఎరుపు రెండు, నారింజ మూడు, పసుపు నాలుగు, ఆకుపచ్చ ఐదు, నీలం ఆరు, ఊదా ఏడు, బూడిద ఎనిమిది, తెలుపు తొమ్మిది. మొదటి రెండు పట్టీలు అంకెలు, మూడోది వాటి వెనక ఎన్ని సున్నలో చెబుతుంది. పసుపు, ఊదా, ఎరుపు వరసగా ఉంటే నాలుగు వేల ఏడు వందల ఓములు. పలక పట్టని పిల్లలు కూడా ఆయన దగ్గర దీన్ని వారంలో నేర్చుకునేవారు. “ముందుగాల రంగు సదువు బిడ్డా, అచ్చరం ఎనుక సదువుదువు” అనేవాడు. ఇంగ్లీషు రానివాడికి విద్య రాదన్న మాట అబద్ధమని నాకు తెలిసింది ఏ వ్యాసంలోనో కాదు, ఆ దుకాణపు మెట్టు మీద.

ఏ సామాను ఎక్కడ దొరుకుతుందో ఆయనకు నోటికి వచ్చు. హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీ ఉంది. అక్కడ చిన్న చిన్న అరల్లో వేల రకాల విడిభాగాలు దొరుకుతాయి. నెలకోసారి పోయి, ఎ.సి. 128 ట్రాన్సిస్టర్లు, కండెన్సర్లు, వాల్యూం కంట్రోళ్ళు కాగితం పొట్లాల్లో కట్టించుకుని వచ్చేవాడు. గద్వాల మెకానిక్కులకు రాయచూరు, కర్నూలు దగ్గర. చెడిన రేడియోను పారేయడమన్నది ఎవరికీ తెలియదు. చెడినది ఏ భాగమో పట్టుకుని, దాన్ని ఊడదీసి, అంతవరకే మార్చేవారు. అప్పటి గిరాకీ విడిభాగానికి గిరాకీ. అంటే మరమ్మతుకు గిరాకీ. దాని వెంటే మరమ్మతు చేసే చేతికి విలువ ఉండేది.

రేడియోకు అప్పట్లో లైసెన్సు ఉండేది. ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1980ల మధ్యలో ఆ పద్ధతి పోయింది. వినడానికి కూడా సర్కారుకు పన్ను కట్టిన కూలీ, తాను కొన్నది అనవసరమైన వస్తువని అనుకుని ఉంటాడా? ఈ మాట నేను కథ రాసినప్పుడు ఆలోచించలేదు.

4

ఇక టెలివిజన్ సంగతి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా దేశంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఎ.టి.ఎస్.-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు నేరుగా టీవీ ప్రసారాలు అందించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఆ గ్రామాల్లో బిగించిన సెట్లు ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసినవి. కోళ్ళగూటి వలలాంటి ఇనుప జాలీతో పది అడుగుల గొడుగు, దాని కింద పెట్టె. పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు పాఠాలు, వ్యవసాయం, ఆరోగ్యం, కాస్త వినోదం.

హైదరాబాదు నగరానికి దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977 అక్టోబరులో. అంటే రాజధాని కంటే ముందు పాలమూరు పల్లె టీవీ చూసింది. ఇది సామాన్యమైన సంగతి కాదు. దేశీయంగా తయారైన విడిభాగాలు, దేశీయ ఇంజనీర్లు, ప్రభుత్వ రంగ కర్మాగారం కలిసి, కొనే శక్తి లేనివాడి దగ్గరకు ముందుగా వస్తువును తీసుకుపోయాయి. గిరాకీని డబ్బు నిర్ణయించని ఒక సంవత్సరం అది. ఐతే ఆ సంవత్సరం ఎమర్జెన్సీ సంవత్సరం కూడా అన్నది మరవరాదు. తెర ఒకటి ఉంది గాని, తెరకు ఎదురు మాట్లాడే హక్కు లేదు. పైగా ఉపగ్రహం ఎవరిదో వారు గడువు తీరగానే దాన్ని జరుపుకున్నారు. విస్తరి వేసి, రెండు ముద్దలు తిన్నాక లాగేసినట్టయింది. రుచి మాత్రం నాలుక మీద మిగిలింది.

ఆ రుచిని మార్కెటు వాడుకుంది. 1982లో రంగుల ప్రసారాలు మొదలయ్యాయి. ఆసియా క్రీడలొచ్చాయి. 1984 ప్రాంతంలో దేశమంతటా ప్రసార కేంద్రాలు చకచకా లేచాయి. సామూహికంగా గ్రామ చావడిలో పెట్టిన పెట్టె ఇంటింటి పెట్టె అయింది. కట్నాల జాబితాలో రేడియో, వాచీ, సైకిలు పోయి టీవీ చేరింది. ఒక వస్తువు ప్రజలదిగా వచ్చి సొంత ఆస్తిగా మారిన తీరు ఇది. ఈ పరిణామం మీద తెలుగులో మంచి నవల రావలసి ఉండింది. రాలేదు.

5

ఇప్పుడు నా కథలోని కూలీ దగ్గరకు వస్తాను. ఆ కూలీ నా ఊహలోంచి రాలేదు. మా చిన్నాయన.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. దాని కట్టడంలో రాయి మోసిన, మట్టి ఎత్తిన జనంలో పాలమూరు కూలీలు ఎందరో. జలాశయం నిండినప్పుడు మునిగినది కూడా పాలమూరు, కర్నూలు ఊళ్ళే. కొల్లాపురం, అలంపురం తాలూకాల కృష్ణా తీరం మునిగింది. రెండు జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. 1981లో బలవంతంగా ఊళ్ళు లేపించిన తీరు తెలిసినవారికి తెలుసు. మా చిన్నాయన అత్తగారి ఊరు వాటిలో ఒకటి. తాను కడుతున్న కట్ట వెనక తన భార్య పుట్టిల్లు మునుగుతుందని తెలిసీ కూలికి పోక తప్పని స్థితి అది.

రేడియో సారు నాకు జవాబు తోచకపోవడం చూసి, తానే చెప్పాడు: “పాటల కోసం కొన్నడనుకున్నవా? నీళ్ళు ఎప్పుడు ఇడుస్తరో, ఊర్లు ఎప్పుడు లేపుతరో వార్తల్ల చెప్తరని కొన్నడు. సెల్లులు అయిపోతయని పొద్దంతా బందు పెట్టి, వార్తలకే ఇప్పుతుండె. వాల్యూం కంట్రోలు కరకరమంటే నా దగ్గరికే తెచ్చిండు. ‘సారూ, వార్తలు చెప్పే అమ్మ గొంతు సాఫుగ రావాలె’ అన్నడు.”

ఊళ్ళోకి వచ్చినప్పుడు మోగుతూ ఉన్నది సినిమా పాట కావచ్చు. వార్తలకు ముందు పాట వస్తుంది. నేను పాట విన్నాను, కథ ముగించాను. అయిదు నిమిషాలు ఆగి ఉంటే వార్తలు వినేవాణ్ణి.

నా తప్పు ఒక్క సంఘటనకు చెందినది కాదు. మన విమర్శలో ఒక అలవాటు పాతుకుపోయింది. కొత్త వస్తువు కనపడగానే దాన్ని విలాసమని కొట్టివేస్తాం, లేదా ప్రగతి అని హారతి పడతాం. రెండు సందర్భాల్లోనూ దాన్ని వాడే మనిషిని అడగం. అడగని రచయిత ఎంత అభ్యుదయవాది ఐనా, మార్కెటు చేసే పనే చేస్తున్నాడు. మార్కెటుకు కూడా అతను కొనుగోలుదారు మాత్రమే.

6

1980ల తరువాత పాలమూరులో విడిభాగాలకు పెరిగిన గిరాకీ చూడాలంటే రేడియో దుకాణం విడిచి బోరుబావి దగ్గరకు పోవాలి. నాగర్‌కర్నూలు, అచ్చంపేట, కల్వకుర్తి వైపు మెట్ట పొలాల్లో సేద్యమంటే మోటరు. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చేది అర్ధరాత్రి. చీకట్లో మోటరు వేయబోయి పాము కరిచి, షాకు కొట్టి పోయిన రైతులు ఎందరో. దానికి జనం కనుక్కున్న విరుగుడు ఆటోమేటిక్ స్టార్టరు. అరచేయంత బోర్డు మీద రెసిస్టెన్సులు, ట్రాన్సిస్టరు, రిలే. మూడు ఫేజులూ రాగానే అదే మోటరు వేస్తుంది. రెండు ఫేజులే ఉన్నప్పుడు కూడా పెద్ద కండెన్సరు తగిలించి మోటరు తిప్పుకోవడం మరొక ఉపాయం. చట్టం ఒప్పుకోదు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. ఎండే పైరును చూస్తూ చట్టం చదివే రైతు ఎవరు?

2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది. ఆ తరువాతి ఏడు, మోటరుకు కెపాసిటరు బిగించాలన్న నిబంధన పెట్టారు. కెపాసిటరు ఉంటే మోటరు లైనులోంచి లాగే కరెంటు తగ్గుతుంది, వోల్టేజీ నిలుస్తుంది. అప్పుడు సర్కారు నిబంధన గిరాకీ అయింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు ఇచ్చారు. అప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయండని విద్యుత్తు సంస్థలే ప్రచారం చేశాయి. అవి ఉంటే మోటర్లు ఆగకుండా నడిచి భూగర్భజలం ఇంకిపోతుందని కారణం చెప్పాయి. నిన్న ప్రాణం కాపాడినది ఇవాళ నేరస్థురాలైంది. వస్తువు అదే. మారినది కరెంటు వేళ.

గిరాకీకి చరిత్ర ఉందని నేను పదేపదే అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. కరెంటు కోత ఒక పరిశ్రమకు తిండి పెట్టింది. రైతు భయం కండెన్సరు ధర అయింది.

7

ఐతే ఆ కండెన్సరు ఎక్కడ తయారైంది? ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. 1991 ఆర్థిక విధానాల తరువాత, 1997లో మన దేశం ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరింది. అందులోని వస్తువుల మీద దిగుమతి సుంకం 2005 నాటికి సున్నాకు వచ్చింది. ఐ.సి.లు, ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు, రెసిస్టెన్సులు ఆ జాబితాలోవే. చైనా, తైవాన్ వస్తువుల ముందు ఇక్కడి విడిభాగాల కర్మాగారాలు చాలా నిలవలేకపోయాయి. అంతకుముందే, 1989 ఫిబ్రవరిలో, మొహాలీలోని ప్రభుత్వ సెమీకండక్టరు కర్మాగారం అగ్నికి ఆహుతైంది. దాన్ని తిరిగి నిలబెట్టడానికి ఏళ్ళు పట్టాయి. 1962లో వస్తువు గుట్టు మన చేతికి రావాలనుకున్న దేశం, నలభై ఏళ్ళు తిరిగేసరికి వస్తువు కొంటే చాలనుకుంది.

అదే కాలంలో విడిభాగం కంటికి ఆనకుండా పోయింది. రేడియో సారు వేళ్ళతో పట్టుకున్న రెసిస్టెన్సు బియ్యపుగింజ కంటే పెద్దది. ఇవాళ సెల్‌ఫోనులో అదే వస్తువు పొడవు ఒక మిల్లీమీటరు, అంతకంటే తక్కువ కూడా. దాని మీద రంగులు లేవు. ఒక స్మార్ట్‌ఫోనులో పింగాణీ పొరల కెపాసిటర్లే సుమారు వెయ్యి ఉంటాయి. విద్యుత్తు కారులో దానికి ఎన్నో రెట్లు. 2020 తరువాత ప్రపంచమంతా చిప్పుల కరువు వచ్చి, కార్ల కర్మాగారాలే ఆగిపోయాయి. అప్పుడుగాని ప్రభుత్వాలకు ఈ చిన్న వస్తువుల బరువు తెలియలేదు. మన కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో 76,000 కోట్ల రూపాయలతో సెమీకండక్టరు పథకం, 2025 మార్చిలో 22,919 కోట్లతో ఎలక్ట్రానిక్ విడిభాగాల తయారీ పథకం ఆమోదించింది. పోగొట్టుకున్నది తిరిగి కొనుక్కుంటున్నాం.

గిరాకీ ఇంత పెరిగిన చోట మెకానిక్కు బతుకు పెరగాలి గదా. పెరగలేదు. వస్తువు చెడితే ఇప్పుడు భాగం మార్చరు, ప్లేటు మొత్తం మారుస్తారు. ప్లేటు ధర కొత్త వస్తువుకు దగ్గరగా ఉంటే వస్తువునే పారేస్తారు. విడిభాగాలు కోట్లలో అమ్ముడుపోతున్నాయి గాని, విడిగా అమ్ముడుపోవడం లేదు. రేడియో సారు దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు. ఆయన శిష్యుల్లో ఒకరిద్దరు ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్టుకు పోయి, భూతద్దం కింద ఫోన్లు బాగుచేయడం నేర్చుకున్నారు. ఆ విద్య ఇంకా చావలేదు. ఊరు విడిచిపోయింది.

ఇక తవ్వే చేయి ఎవరిది? గూడూరు అభ్రకం స్థానంలో ఇప్పుడు టాంటలం ఉంది. ఆ ఖనిజం ఎక్కువగా వచ్చే చోట్లలో కాంగో దేశపు రుబాయా ఒకటి. 2024లో ఆ గనుల ప్రాంతాన్ని ఎం-23 అనే సాయుధ దళం పట్టుకుంది. పలుగు, పార పట్టుకుని కొండ తవ్వే అక్కడి కూలీని నేను చూడలేదు. ఐనా పాలమూరువాణ్ణి గనుక అతని నడుము నొప్పి నాకు తెలుసు.

8

ఈ మధ్య కల్వకుర్తి నుంచి హైదరాబాదు పోయే బస్సులో ఒక అమ్మాయి నా పక్కన కూర్చుంది. నాగర్‌కర్నూలు దగ్గరి పల్లె. శ్రీశైలం రోడ్డు వెంట రావిర్యాల, మహేశ్వరం, కొంగరకలాన్ వైపు ఎలక్ట్రానిక్స్ కార్ఖానాలు లేచాయి గదా, అట్లాంటి ఒకదాంట్లో పని. పేరు అవసరం లేదు. బోర్డు మీద విడిభాగాలు సరిగా అతుక్కున్నాయా లేదా అని భూతద్దంలో చూడడం ఆమె పని.

మలేషియాలోని పెనాంగ్‌లో 1972లో స్వేచ్ఛా వాణిజ్య మండలం పెట్టినప్పటి నుంచీ ఈ పరిశ్రమ ప్రపంచమంతటా ఆడపిల్లలనే వెతుక్కుంది. వాళ్ళ వేళ్ళు సన్ననివి, పుట్టుకతోనే నేర్పు అని చెప్పింది. 1981లో డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ అనే పరిశోధకురాళ్ళు ఆ మాట గుట్టు విప్పారు. ఆ నేర్పు పుట్టుకతో వచ్చినది కాదు, చిన్ననాటి నుంచి ఇంట్లో కుట్టుపనీ ఇంటిపనీ నేర్పితే వచ్చినది. ఎవరూ దాన్ని నేర్పుగా లెక్కించరు కాబట్టి కూలి తక్కువ. గద్వాలలో నూలు చీరకు పట్టు అంచు కలిపే ఇంట్లో, ఆసు పోసే ఆడమనిషికీ ఇదే లెక్క. మగ్గం మీద కూర్చున్నవాడి పేరు నేతగాడు. ఆమె పేరు ‘ఇంట్లో సాయం’.

ఈసారి నేను అడిగాను. “ఏం చూస్తావమ్మా రోజంతా?”

“చిన్న చిన్నయి సార్. నువ్వుగింజ కంటే చిన్నయి. ఒకటి పక్కకు జరిగినా బోర్డు పారేస్తరు.”

“అవి ఏం చేస్తాయో చెప్పారా?”

“చెప్పలే. బాగున్నదా, బాగలేదా, అంతే మా పని.” కొంచెం ఆగి, తానే అడిగింది: “మీకు తెలుసా సార్, అవి ఏం చేస్తయో?”

కండెన్సరు గురించి చెప్పాను. చెరువు నీళ్ళు నిలిపినట్టు కరెంటును కాసేపు నిలిపి, అవసరమైనప్పుడు విడుస్తుందని చెప్పాను. రేడియో సారు నాకు చెప్పిన మాట అది. ఆమె శ్రద్ధగా విన్నది. “మరి ఇట్ల చెప్తే మేం గూడ తయారుచేస్తుంటిమి గద” అన్నది. తుక్కుగూడ దగ్గర దిగిపోయింది.

ఆ మాటలో ఈ వ్యాసమంతా ఉంది. గిరాకీ పాలమూరు గడప దాకా వచ్చింది. జీతం ఇచ్చింది, దాన్ని తక్కువ చేయను. పొట్ట చేతపట్టుకుని డ్యాములకు పోయిన ఇంటి బిడ్డ నీడపట్టున పని చేస్తోంది. కాని ఐదో తరగతి చదివిన మెకానిక్కుకు తెలిసిన గుట్టు, ఇంటరు చదివిన కార్మికురాలికి తెలియకుండా పోయింది. వస్తువు దగ్గరైంది, విద్య దూరమైంది. దూరం చేసినది ఆమె తెలివితక్కువతనం కాదు. పనిని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కలోంచీ అర్థాన్ని తీసివేసే ఉత్పత్తి పద్ధతి.

రచయితలమూ సాహిత్య విద్యార్థులమూ దీనికి ఏం చేయగలమని అడగవచ్చు. కార్ఖానా పద్ధతిని కథలు మార్చవు. కాని గుట్టును మాటల్లో పెట్టడం మన పని. రంగుల లెక్కను తెలుగులో చెప్పిన ఆ దుకాణాల భాషను ఎవరు సేకరించారు? చెరువుతో కండెన్సరును పోల్చిన ఆ ఉపమానం ఏ నిఘంటువులో ఉంది? పాలమూరు రేడియో మెకానిక్కులు, మోటరు వైండింగు చేసేవారు, స్టార్టరు బోర్డులు బాగుచేసేవారు ముసలివారవుతున్నారు. వారి నోటినుంచి వినవలసినది ఎంతో ఉంది. సురవరం ఊరూరా వెతికి మరుగునపడిన కవులను వెలికితెచ్చాడు. ఈ పనిమంతులను కూడా అట్లాగే వెతకాలి.

నా పాత కథను తిరిగి రాయాలని కూర్చున్నాను. కూలీ ఊళ్ళోకి వస్తాడు. భుజాన ట్రాన్సిస్టరు. జొన్నలు నిండుకున్నాయి, పిల్లవాడికి జ్వరం. అవేవీ మార్చలేదు. పాట అయిపోయాక ఈసారి కథ ఆపలేదు. వార్తలు మొదలయ్యేదాకా ఆగి, అతని పక్కన కూర్చున్నాను.